బ్లీక్ హౌస్ రహస్య నవలా, వ్యంగ్య నవలా? రెండూ అయితే ఎలా చదవాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. చార్లెస్ డికెన్స్ రాసిన బ్లీక్ హౌస్‌ను గొప్ప డిటెక్టివ్ కథగా ఎవరో మెచ్చుకుంటే మీరు చదవడం మొదలుపెట్టారు. పది, పన్నెండు అధ్యాయాలు గడిచినా హత్య జరగలేదు. డిటెక్టివ్ రాలేదు. కోర్టు మీద, దానధర్మాలు చేసే దొరసానుల మీద, రాజకీయ నాయకుల మీద వ్యంగ్యమే సాగుతూ ఉండటంతో పుస్తకం పక్కన పెట్టేశారు. ఇది అసలు రహస్య నవలేనా, వ్యంగ్య భాగాలు దాటవేసి కథ మాత్రం చదువుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఇది నిజంగానే రహస్య నవల. కానీ వ్యంగ్యాన్ని దాటవేస్తే రహస్యం కూడా మీ చేతికి చిక్కదు. ఈ నవలలోని రహస్యం "ఎవరు చంపారు" అన్నది కాదు. "ఎవరికి ఎవరితో ఏమి సంబంధం" అన్నది. వ్యంగ్యం అడుగుతున్నదీ అదే ప్రశ్న. పేదవాడి బతుకుతో తమకు ఏ సంబంధమూ లేదని నమ్మే పెద్దమనుషులను డికెన్స్ వ్యంగ్యంతో ఎత్తిచూపుతాడు. ఆ సంబంధం ఉన్నదని సాక్ష్యాలతో రుజువు చేసే పని రహస్య కథకు అప్పగిస్తాడు. డిగ్రీ, పీజీ విద్యార్థులకు విక్టోరియన్ కాలపు నవల పాఠం చెబుతూ నా ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఈ నవలలో విద్యార్థులు ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ మీరు ఆగిన ప్రాంతంలోనే. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను. హంతకులెవరో మాత్రం చెప్పను.

రెండవ అధ్యాయం మరొక్కసారి తీయండి. లేడీ డెడ్‌లాక్ లండన్ ఇంట్లో చలిమంట దగ్గర విసుగ్గా కూర్చుని ఉంటుంది. కుటుంబ న్యాయవాది టల్కింగ్‌హార్న్ ఏదో అఫిడవిట్ చదివి వినిపిస్తుంటాడు. భర్త సర్ లెస్టర్‌కు ఆ న్యాయపరిభాష, అందులోని పునరుక్తులు కూడా ఎంతో గంభీరంగా తోస్తుంటాయి. మంట సెగ తగిలి ఆమె కాస్త పక్కకు జరుగుతుంది, బల్ల మీది కాగితం కంటబడుతుంది, వంగి దగ్గరగా చూస్తుంది. ఉన్నట్టుండి "ఇది నకలు రాసింది ఎవరు?" అని అడిగేస్తుంది. దేనికీ చలించని మనిషి ఒక గుమాస్తా దస్తూరిని గురించి అడగడం ఏమిటని న్యాయవాది చదవడం ఆపి ఆమె వైపు చూస్తాడు. కాసేపటికి ఆమెకు కళ్లు తిరుగుతాయి. తన భార్య ఇలా సొమ్మసిల్లడం ఎప్పుడూ చూడలేదంటూ సర్ లెస్టర్ నెపాన్ని లింకన్‌షైర్ వాతావరణం మీదికి నెడతాడు. ఈ చిన్న ఘట్టంలోనే నవల మొత్తానికీ తీగ ఉన్నది. మీరు వెతుకుతున్న డిటెక్టివ్ కథ రెండవ అధ్యాయంలోనే మొదలైపోయింది. దాని చుట్టూ ఫ్యాషన్ ప్రపంచం మీది వ్యంగ్యం దట్టంగా ఉండటంతో మీరు గమనించలేదు, అంతే. మొదటిసారి చదివేటప్పుడు చాలామంది గమనించరు.

ఆ కాగితం ఏమిటో చూడండి. అది జార్న్‌డైస్ వర్సెస్ జార్న్‌డైస్ అనే దావాలోని కాగితం. ఆ దావా ఇంగ్లండులో ఆస్తి తగాదాలు చూసే ఛాన్సరీ కోర్టులో తరతరాలుగా నలుగుతున్నది. దానికి నకళ్లు రాసి పొట్టపోసుకునే గుమాస్తా ఒక గుజరీ దుకాణం పై అంతస్తులో నీమో అనే మారుపేరుతో, నల్లమందు మత్తులో బతుకుతుంటాడు. లాటిన్‌లో నీమో అంటే "ఎవరూ కాదు". ఆ ఎవరూ కాని మనిషి చేతిరాత దేశంలోని మహా గొప్పింటి దొరసానికి సొమ్మసిల్లేంత తెలిసినదై ఉంది. కోర్టు మీది వ్యంగ్యాన్ని వదిలేస్తే ఆ కాగితం ఆమె బల్ల మీదికి ఎలా వచ్చిందో అర్థం కాదు.

పదహారవ అధ్యాయంలో డికెన్స్ ఈ సంగతిని దాపరికం లేకుండా బయట పెడతాడు. లింకన్‌షైర్‌లోని ఆ ఎస్టేటుకూ, లండన్ భవనానికీ, చీపురు పట్టుకుని తిరిగే దిక్కులేని జోకూ ఏమి సంబంధం ఉండగలదని కథకుడే నేరుగా అడుగుతాడు. నవల నుంచి ఒకే ఒక్క అధ్యాయం పాఠం చెప్పమంటే నేను దీన్నే తీసుకునేవాడిని. మీరు ఆగిన చోటికి ఇది కొద్ది అధ్యాయాల దూరంలోనే ఉంది.

జో వీధి కూడళ్లలో బురద ఊడ్చే కుర్రాడు. దాటేవాళ్లు విసిరే చిల్లరే అతని జీవనాధారం. చదవడం రాదు, ఇంటిపేరు లేదు. నీమో చనిపోయినప్పుడు మరణ విచారణకు అతన్ని సాక్షిగా పిలుస్తారు. అబద్ధం చెబితే చచ్చాక ఏమవుతుందో అతను సరిగ్గా చెప్పలేకపోతాడు. అలాంటివాడి సాక్ష్యం చెల్లదని అధికారి పక్కకు తోసేస్తాడు. చనిపోయిన మనిషి తన పట్ల దయగా ఉండేవాడని చెప్పగలిగింది అతనొక్కడే. ఆ మాట మాత్రం రికార్డుకు ఎక్కదు. పదహారవ అధ్యాయంలో ఉదయం పూట అదే జో విదేశాలలో క్రైస్తవ సువార్తను వ్యాపింపజేసే సంఘం వారి గుమ్మం మెట్ల మీద కూర్చుని మురికి రొట్టెముక్క తింటాడు. తినడం అయ్యాక, కూర్చోనిచ్చినందుకు కృతజ్ఞతగా ఆ మెట్టును చీపురుతో ఊడుస్తాడు. అంత పెద్ద భవనం దేనికోసం కట్టారా అని ఆశ్చర్యపోతాడు. ఇది శుద్ధ వ్యంగ్యమనిపిస్తుంది. కానీ ఆ సాయంత్రమే ముసుగు వేసుకున్న ఒక స్త్రీ వచ్చి, నీమో బతికిన చోటు, నకళ్లు రాసిన చోటు, పూడ్చిన చోటు చూపించమని జోనే అడుగుతుంది. డబ్బు ఇవ్వడానికి చేతితొడుగు తీసినప్పుడు ఆమె ఉంగరాలు తళుక్కుమంటాయి. కోర్టు పనికిరాడని తోసేసిన సాక్షే రహస్య కథలో అన్నిటికన్నా విలువైన సాక్షి అవుతాడు. వ్యంగ్యం ఎక్కడ ఆగిందో, రహస్యం ఎక్కడ మొదలైందో నాకు ఇంతవరకూ విడదీయడం చేతకాలేదు. విడదీయకూడదనే నా నమ్మకం.

ఆ తర్వాత సంబంధం ఇంకా భయంకరంగా రుజువవుతుంది. జో తలదాచుకునే టామ్-ఆల్-అలోన్స్ అనే మురికివాడ కూడా ఛాన్సరీ దావాలో చిక్కుకున్న ఆస్తే. బాగుచేసే యజమాని లేక ఇళ్లు కూలుతుంటాయి. అక్కడ పుట్టిన జ్వరం జోకు సోకుతుంది. అతని నుంచి దయతో చేరదీసినవాళ్లకు సోకి, కథానాయిక ఎస్తర్ సమ్మర్సన్ ముఖాన్ని మార్చేస్తుంది. డికెన్స్ జబ్బు పేరు చెప్పడు కానీ లక్షణాలన్నీ మశూచివే. ఆ ఎస్తర్ ఎవరో తెలిశాక ఈ అంటువ్యాధి మొదటి నుంచి చివరి దాకా ఎవరి గుమ్మంలో పుట్టి ఎవరి గుమ్మానికి చేరిందో మీకే తెలుస్తుంది. అది నడిచే దారి, కోర్టు కాగితం నడిచే దారి ఒకటే.

ఇక కోర్టు సంగతి. మన పాఠకులు ఇది ఇంగ్లండు పాత గొడవ అనుకుంటారని భయపడేవాడిని. కానీ ఒక సంవత్సరం నా తరగతిలో, తాతల నాటి భూమి పంపకం దావా నడుస్తున్న ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు రిచర్డ్ కార్‌స్టోన్ పాత్రను నాకన్నా బాగా వివరించింది. వచ్చే వాయిదాకు తేలిపోతుందని నమ్మి ఏ ఉద్యోగంలోనూ కుదురుకోని ఆ యువకుడి లాంటివాళ్లు తన ఇంట్లోనే ఉన్నారని చెప్పింది. వైద్యం మొదలుపెట్టి, న్యాయశాస్త్రానికి మారి, సైన్యంలో చేరి, చివరికి ఆ దావా కాగితాలలోనే రిచర్డ్ మునిగిపోతాడు. అతను మూర్ఖుడు కాడు, చెడ్డవాడూ కాడు. అందుకే అతని కథ అంత బాధపెడుతుంది.

ఛాన్సరీలో దావాలు అన్నేళ్లు ఎందుకు సాగేవో తెలిస్తే వ్యంగ్యం అతిశయోక్తి కాదని అర్థమవుతుంది. వీలునామాలు, ట్రస్టులు, మైనర్ల ఆస్తులు ఈ కోర్టు పరిధిలోకి వచ్చేవి. విచారణ చాలావరకు కాగితాల మీదే జరిగేది. ప్రతి పత్రానికీ నకళ్లు తీయించాలి, ప్రతి నకలుకూ రుసుము కట్టాలి. కక్షిదారుల్లో ఒకరు చనిపోతే వారసులను చేర్చి దావాకు మళ్లీ ప్రాణం పోయాలి. ఖర్చులు వివాదంలో ఉన్న ఆస్తి నుంచే రాబట్టుకునే వీలు ఉండటంతో, త్వరగా తేల్చాలనే తొందర న్యాయవాదులకు ఉండేది కాదు. 1853 ఆగస్టులో రాసిన ముందుమాటలో డికెన్స్ అప్పటికి నడుస్తున్న ఒక దావాను ప్రస్తావించాడు. దాదాపు 20 ఏళ్ల క్రితం మొదలై, 70 వేల పౌండ్ల ఖర్చు మింగి, మొదలుపెట్టిన రోజుకన్నా ముగింపుకు దగ్గర కాని దావా అది. విమర్శకులు తరచుగా ప్రస్తావించే జెన్నెన్స్ దావా 1798లో చనిపోయిన ఒక ధనికుడి ఆస్తి మీద మొదలై 1915 దాకా సాగింది.

డికెన్స్‌కు ఇది పుస్తకాల ద్వారా తెలిసిన విషయం కాదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు న్యాయవాదుల ఆఫీసులో గుమాస్తాగా, తర్వాత కోర్టుల్లో షార్ట్‌హ్యాండ్ రాసే విలేకరిగా పనిచేశాడు. 1844లో తన పుస్తకాన్ని దొంగతనంగా అచ్చేసినవాళ్ల మీద ఛాన్సరీలోనే దావా వేసి గెలిచాడు. అవతలివాళ్లు దివాలా తీయడంతో సుమారు 700 పౌండ్ల ఖర్చు తానే భరించాడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్లు అనే మాట ఆయన విషయంలో అక్షరాలా జరిగింది.

ఆ కోర్టుకు హైదరాబాదుతో ఒక నిజమైన లంకె ఉన్నది. 1948 సెప్టెంబరులో నిజాం ఖాతా నుంచి లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు సుమారు పది లక్షల పౌండ్లు బదిలీ అయ్యాయి. ఆ డబ్బు ఎవరిదన్న వివాదం 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి, దశాబ్దాలపాటు బ్యాంకులోనే స్తంభించిపోయింది. పాత ఛాన్సరీ కోర్టుకు వారసురాలైన హైకోర్టు ఛాన్సరీ విభాగం 2019 అక్టోబరులో తీర్పు చెప్పేసరికి అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లు అయింది. ఇక్కడ డబ్బు పెరిగింది, నవలలో జరిగేది వేరు. అరవై అయిదవ అధ్యాయంలో కోర్టు హాలు నుంచి జనం కాగితాల మూటలతో, విరగబడి నవ్వుతూ బయటికి వస్తారు. ఎందుకు నవ్వుతున్నారో అక్కడే చదవండి.

మీరు అడిగిన డిటెక్టివ్ గురించి. లండన్ పోలీసుల్లో డిటెక్టివ్ శాఖ ఏర్పడింది 1842లో. అప్పట్లో అందులో ఉన్నది ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఆరుగురు సార్జెంట్లు మాత్రమే. డికెన్స్ ఆ శాఖకు చెందిన ఇన్‌స్పెక్టర్ చార్లెస్ ఫీల్డ్‌తో రాత్రివేళ మురికివాడలు తిరిగి, ఆ అనుభవాన్ని 1851లో తన పత్రికలో వ్యాసంగా రాశాడు. నవలలోని ఇన్‌స్పెక్టర్ బకెట్‌లో పాఠకులు ఫీల్డ్‌నే గుర్తుపట్టారు. చూపుడువేలు ఆడిస్తూ, ఎవరితోనైనా ఇంటిమనిషిలా మాట్లాడుతూ, అంతా గమనించే ఈ బకెట్ ఆంగ్ల నవలలోని తొలి పోలీసు డిటెక్టివ్‌లలో ఒకడు. కానీ ఈ నవలలో డిటెక్టివ్ కన్నా ముందే వేట మొదలుపెట్టినవాడు న్యాయవాది టల్కింగ్‌హార్న్. గొప్ప కుటుంబాల గుట్టు అతని దగ్గర ఉంటుంది, ఆ గుట్టే అతని బలం. డబ్బు అడగడు, బెదిరించినట్టు కూడా కనిపించడు. ఊరికే తెలుసుకుంటాడు, దాచుకుంటాడు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా భయం కలిగించేది అతని మౌనమే.

బకెట్‌ను కూడా డికెన్స్ పూర్తిగా వదిలిపెట్టలేదు. హత్య కేసును అద్భుతంగా ఛేదించే ఆ మనిషే, జ్వరంతో ఉన్న జోను రాత్రికి రాత్రి ఎవరి కంటా పడకుండా తరలించినవాడు. జో ఎక్కడ నిలబడినా పోలీసు "ముందుకు నడు" అంటాడు. ఎక్కడికి నడవాలో ఎవరూ చెప్పరు.

హత్య అంత ఆలస్యంగా ఎందుకు జరుగుతుందన్నారు. నవల 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా నెలకొక భాగంగా వెలువడింది. భాగం వెల ఒక షిల్లింగు, ఆఖరిది మాత్రం రెండు భాగాలు కలిపి రెండు షిల్లింగులు. 1853 మే నెల భాగంలో మూడు అధ్యాయాలు ఉన్నాయి: నలభై ఏడు, నలభై ఎనిమిది, నలభై తొమ్మిది. మొదటిదానిలో జో చనిపోతాడు. రెండవదానిలో హత్య జరుగుతుంది. మూడవదానిలో అరెస్టు. జో మరణం దగ్గర కథకుడు మహారాణినీ, ప్రభువులనూ, మతాధికారులనూ నేరుగా సంబోధించి, ఇలా మన చుట్టూ ప్రతిరోజూ చనిపోతున్నారని చెబుతాడు. వెంటనే తర్వాతి అధ్యాయంలో తుపాకీ పేలుతుంది. ఒక చావుకు దేశం కదలలేదు, ఇంకొక చావుకు పోలీసులు, పత్రికలు, బహుమతి ప్రకటనలు. ఈ రెండింటినీ ఒకే నెలలో పాఠకుల చేతిలో పెట్టడం ఆయన కావాలని చేసిన పనే అని నేను భావిస్తాను. జోను తెలుసుకోకుండా, అంటే మీరు దాటవేద్దామనుకున్న పేజీలు చదవకుండా, ఈ దెబ్బ తగలదు.

రెండు గొంతుల సంగతి కూడా చెప్పాలి. సగం నవల పేరులేని కథకుడు వర్తమాన కాలంలో, కోపంగా, వేగంగా చెబుతాడు. మిగతా సగం ఎస్తర్ భూతకాలంలో, నెమ్మదిగా తన మాటల్లో చెబుతుంది. ఎస్తర్ అతివినయం విసుగు పుట్టిస్తుందనే ఫిర్యాదు ఆనాటి నుంచీ ఉన్నది, నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీకే ఆమె నచ్చలేదు. తాను పుట్టడమే ఒక అవమానమని చిన్నప్పుడు విన్న పిల్ల పెద్దయ్యాక ఎలా మాట్లాడుతుందో ఆలోచించి చదవమని విద్యార్థులకు చెప్పేవాడిని. అలా చదివితే ఆమె దాటవేసిన విషయాలు, ఆగిన చోట్లు కూడా ఆధారాలుగా కనిపిస్తాయి.

అన్నీ సమర్థించదగినవే అని మాత్రం చెప్పను. ఆఫ్రికాలో నైజర్ ఒడ్డున ఉన్న బొర్రియబూలా-ఘా ప్రజల ఉద్ధరణకు ఉత్తరాలు రాస్తూ సొంత పిల్లలను పట్టించుకోని మిసెస్ జెల్లీబీ చిత్రణ గొప్పదే. పిల్లవాడి తల కటకటాల్లో ఇరుక్కుపోయిన ఆ మొదటి దృశ్యం మరపురానిది. కానీ ఆ వ్యంగ్యం చివరికి స్త్రీలకు పార్లమెంటులో కూర్చునే హక్కు అడగడాన్ని కూడా ఎగతాళి చేస్తుంది. తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1854లోనే ఒక ఉత్తరంలో దీని మీద మండిపడ్డాడు. ఆయన కోపం న్యాయమైనదే. గుజరీ దుకాణదారు క్రూక్ తనంతట తాను కాలి బూడిదైపోవడం కూడా శాస్త్రీయంగా నిలబడదు. విమర్శకుడు జార్జ్ హెన్రీ లూయిస్ అప్పుడే అభ్యంతరం చెప్పాడు. డికెన్స్ ముందుమాటలో వాదించాడు కానీ ఆ వాదన ఓడిపోయిన వాదన. అయినా ఆ అధ్యాయం దాటవేయకండి. క్రూక్‌కు ఇరుగుపొరుగు పెట్టిన పేరు లార్డ్ ఛాన్సలర్, అంటే ఛాన్సరీ కోర్టు పెద్ద న్యాయమూర్తి పదవి పేరు. చదవడం రాకపోయినా కాగితాలన్నీ పోగుచేసి ఎవరికీ ఇవ్వడు. ఐదవ అధ్యాయంలో అతను గోడ మీద సుద్దతో జార్న్‌డైస్ అనే పేరును ఒక్కో అక్షరంగా, ప్రతి అక్షరాన్నీ దాని చివరి కొస నుంచి వెనక్కి గీస్తూ, రాసి తుడిచేస్తూ ఎస్తర్‌కు చూపిస్తాడు. మొత్తం పేరు గోడ మీద ఒక్కసారి కూడా కనబడదు. ఛాన్సరీ కోర్టును గురించి ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

డికెన్స్ చచ్చిన పామును కొట్టాడనే విమర్శ కూడా ఉంది, ఎందుకంటే ఛాన్సరీలో మాస్టర్లు అనే అధికారుల పదవులను రద్దుచేసే చట్టం 1852లోనే వచ్చింది. 1873 నాటి చట్టంతో, 1875 నుంచి, ఆ కోర్టు విడిగా లేకుండా పోయింది. నిజమే. కానీ నవల దాడి ఒక కోర్టు నియమాల మీద కాదు, బాధ్యత ఎవరిదీ కాకుండా చూసుకునే తీరు మీద. బూడిల్, కూడిల్, డూడిల్ అంటూ ఒకే ప్రాస పేర్లతో మంత్రి పదవులు పంచుకునే పెద్దమనుషులు అందుకే ఈ నవలలో ఉన్నారు.

ఇక ఎలా చదవాలంటే, మొదటి పాఠకులు చదివినట్టే భాగాలుగా చదవండి. మొదటి నాలుగు అధ్యాయాలు ఒక భాగం. ఆ తర్వాత మూడు లేదా నాలుగు చొప్పున వెళ్లండి. ఒక కాగితం పెట్టుకుని, ఏ ఉత్తరం, ఏ నకలు, ఏ వీలునామా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసుకోండి. మనుషుల పట్టిక కన్నా కాగితాల పట్టికే ఎక్కువ ఉపయోగపడుతుందని తరగతిలో చాలాసార్లు చూశాను. పదహారవ అధ్యాయం దాకా ఓపిక పట్టండి. ముప్పై రెండు దాటాక ఎవరూ నెట్టనక్కర లేదు. యాభై అయిదు నుంచి యాభై తొమ్మిది దాకా మంచులో సాగే వెతుకులాటకు మాత్రం ఒక పూర్తి రాత్రి కేటాయించుకోండి. డాంబికుడు టర్వీడ్రాప్, మతబోధకుడు చాడ్‌బాండ్ కనిపించే దృశ్యాలు సాగదీతగా అనిపిస్తే వేగంగా చదవండి, నష్టం తక్కువ. జో కనిపించే ఏ పేజీనీ అలా చదవకండి.

2005లో బీబీసీ తీసిన ధారావాహిక చూసి చదవవచ్చా అని ఇంకొకరు కింద అడిగారు. జిలియన్ ఆండర్సన్ లేడీ డెడ్‌లాక్‌గా చాలా బాగా చేశారు, కథ గందరగోళం తగ్గుతుంది. అయితే హంతకులెవరో తెలిసిపోతుంది, పేరులేని కథకుడి గొంతు అందులో వినిపించదు. పుస్తకం నలభై తొమ్మిదవ అధ్యాయం దాకా చదివి, ఎవరిని అనుమానిస్తున్నారో రాసిపెట్టుకుని, యాభై నాలుగులో బకెట్ నోటి నుంచి జవాబు విన్న తర్వాతే అది చూడండి.